చంపిన మరుసటి దినం ఎవరూ చూపించరు

కొంతకాలం కిందట బద్వేలులో ఒక మహిళా సంఘం సమావేశానికి వెళ్లాను. పొదుపు లెక్కలు, పింఛన్ల అర్జీలు, ఒక వరకట్నం కేసు వాయిదా గురించి మాట్లాడుకున్నాక భోజనాలకు లేచాం. పక్కింట్లో టీవీ పెట్టి ఉంది. ఏదో పాత ఫ్యాక్షన్ సినిమా. సుమోలు వరసగా గాల్లోకి లేస్తున్నాయి, వేటకొడవళ్లు మెరుస్తున్నాయి. అన్నం తింటున్న మా గుంపులోంచి ఒక అక్క కంచం తీసుకుని లేచి వేపచెట్టు కిందికి వెళ్లిపోయింది. ఆమె భర్తను చాలా ఏళ్ల కిందట ఊరి కక్షల్లో చంపారు. నేనూ వెనకాలే వెళ్లి, "చూడలేకపోయినావా అక్కా?" అన్నాను.

"చూడలేక కాదు మ్మా. వాళ్లు చంపేది చూపిచ్చారు. చంపిన మరుసటి దినం ఏమైతాదో ఎవరూ చూపియ్యరు. ఆ మరుసటి దినం నుంచే గదా నా బతుకు" అంది.

ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. పాతికేళ్లకు పైగా తెలుగు సినిమా రాయలసీమ పేరుతో ఒక సరుకు అమ్ముతోంది. ఆ సరుకు గురించి సీమ మగవాళ్లు చాలాసార్లు కోపగించుకున్నారు, కొన్నిసార్లు మీసాలూ తిప్పారు. ఆ రెండింటిలోనూ ఈ అక్క మాట లేదు. మన పత్రిక ఆ మాటకు చోటివ్వకపోతే ఇంకెవరిస్తారు?

నా సంగతి కూడా చెప్పాలి. 2001లో ఎం.ఏ. చదవడానికి మా జిల్లా దాటి వెళ్లినప్పుడు, హాస్టల్లో మొదటి రాత్రి నన్నడిగిన మొదటి ప్రశ్న, "కడపా? పెట్టెలో బాంబులేమన్నా తెచ్చావా?" అని. అడిగినవాళ్లు చెడ్డవాళ్లు కారు, తర్వాత నాకు మంచి స్నేహితులయ్యారు. కాని ఆ ఏడాదంతా నేను గట్టిగా మాట్లాడితే "సీమ రక్తం" అన్నారు, మౌనంగా ఉంటే "లోపల కక్ష పెట్టుకుంది" అన్నారు. ఇరవై ఏళ్లు దాటాక, మొన్న బద్వేలు నుంచి హైదరాబాదు పోయి ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి అద్దె గది కోసం తిరిగితే ఇంటామె ఊరి పేరు విని, "మీ వాళ్లెవరైనా వస్తూ పోతూ ఉంటారా?" అని అడిగిందట. ప్రశ్న నవ్వుతూనే అడిగారు. గది మాత్రం ఇవ్వలేదు.

సినిమాను సినిమాగా చూడాలి అనేవాళ్లకు నా జవాబు ఇది: సినిమా హాల్లోనే ఆగిపోతే అలాగే చూసేవాళ్లం. అది మా అద్దె ఇళ్ల దాకా, పెళ్లి సంబంధాల దాకా, ఉద్యోగాల ఇంటర్వ్యూల దాకా వచ్చింది.

మూస ఎలా తయారైంది

1997లో వచ్చిన 'ప్రేమించుకుందాం రా'తో కర్నూలు కక్షలు ప్రేమకథకు నేపథ్యమయ్యాయి. 1999 సంక్రాంతికి 'సమరసింహారెడ్డి' వచ్చింది, దాని విజయంతో దారి పడింది. 2002లో 'ఆది', 'ఇంద్ర', 2003లో 'ఒక్కడు', 2004లో 'యజ్ఞం'. హీరో ఎవరైనా, దర్శకుడెవరైనా చట్రం ఒకటే. ఎర్రమట్టి నేల, తెల్లచొక్కాలు, ఒక పెద్ద ఇల్లు, ఎదురుగా ఇంకో పెద్ద ఇల్లు, మధ్యలో పేరులేని జనం. సగం సినిమా దాకా హీరో ఎవరో తెలియదు, తెలిశాక తొడ కొడతాడు. 2010లో 'రక్తచరిత్ర' వాస్తవ ఘటనల ఆధారమంటూ అదే నెత్తుటిని ఇంకా దగ్గరగా చూపింది. ఈ ధోరణి పోయిందనుకున్నప్పుడల్లా మళ్లీ వస్తూనే ఉంది. 2023 సంక్రాంతికి వచ్చిన 'వీరసింహారెడ్డి' దానికి సాక్ష్యం.

ఈ చట్రంలో ఆడవాళ్లకు నాలుగు పాత్రలే ఉన్నాయి. కొడుక్కి పగ గుర్తు చేసే తల్లి. బొట్టు చెరిగిన వదిన. ప్రతినాయకుడి ఇంట్లో పుట్టి హీరోని ప్రేమించే అమ్మాయి. ఇక నాలుగోది, గుంపులో కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చే పేరులేని ఆడది. ఈ నలుగురిలో ఎవరికీ పొలం లేదు, పని లేదు, రేషన్ కార్డు లేదు, అభిప్రాయం అసలే లేదు. తెల్లచీర రెండు నిమిషాలు కనిపిస్తుంది, దాన్ని చూపించి హీరో రెండు గంటలు నరుకుతాడు. ఆమె దుఃఖం అతని హింసకు రసీదు. ఆ రసీదు చేతికి వచ్చాక ఆమెతో పని లేదు.

'ఒక్కడు' చూడండి. కర్నూలులో ఒక అమ్మాయిని బలవంతంగా పెళ్లి చేసుకోవాలని చూసే ఫ్యాక్షనిస్టు. కబడ్డీ ఆడడానికి హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడు ఆమెను తప్పించి తీసుకుపోతాడు. బలవంతపు పెళ్లి నుంచి ఆడపిల్ల పారిపోవడం మనకు కొత్త విషయం కాదు. మన సంఘాల తలుపులు అర్ధరాత్రి తట్టిన అమ్మాయిలెందరో ఉన్నారు. ఆ అమ్మాయిలు బస్సు చార్జీలకు డబ్బు ఎలా దాచుకున్నారో, ఏ మేనత్త దొడ్డిదారి చూపిందో, పోలీస్ స్టేషన్లో ఏం విన్నారో మనకు తెలుసు. సినిమాలో మాత్రం ఆమె చేయి పట్టుకుని పరిగెత్తించడానికి బయటినుంచి ఒక మగవాడు రావాలి. సీమలో దుర్మార్గుడూ మగవాడే, రక్షకుడూ మగవాడే. మధ్యలో ఆమె ఒక మూట. ఈ చేతిలోంచి ఆ చేతికి మారుతుంది.

'ఇంద్ర'లో సీమ నీటి కరువు కథలోకి వచ్చింది. సంతోషించాలా? నీళ్లు ఒక మహావీరుడి త్యాగం వల్ల వస్తాయి. బిందెలు మోసినవాళ్లు, నీళ్ల కోసం రోడ్డు మీద కూర్చున్నవాళ్లు ఆ కథలో చేతులు జోడించే జనమే. మరి 'మర్యాదరామన్న'? 2010లో వచ్చిన ఆ సినిమా మూలం 1923 నాటి అమెరికా మూకీ చిత్రం 'అవర్ హాస్పిటాలిటీ'. అమెరికా కొండప్రాంతాల్లో రెండు కుటుంబాల కక్షల మీద తీసిన హాస్యకథ అది. దాన్ని తెచ్చి సీమలో దింపితే ఎక్కడా అతుకు కనిపించలేదు. ఎందుకంటే తెరమీది సీమకు సొంత చరిత్ర లేదు. అది ఏ దేశపు కక్షనైనా పెట్టుకోగలిగే ఖాళీ అరుగు.

వేరే దేశపు ఉదాహరణ ఒకటి

ఒక జనసముదాయాన్ని సినిమా ఎలా తినేస్తుందో అర్థం చేసుకోవడానికి నాకు బాగా ఉపయోగపడిన ఉదాహరణ అమెరికాలోని అమిష్ జనం. పెన్సిల్వేనియా, ఒహాయో, ఇండియానా రాష్ట్రాల్లో ఎక్కువగా ఉండే క్రైస్తవ సముదాయం. సొంత కార్లు పెట్టుకోరు, గుర్రబ్బండ్లలో తిరుగుతారు, ఫోటోకు నిలబడడం గర్వమని నమ్ముతారు, ఆయుధం పట్టరు. 1985లో వాళ్ల మీద 'విట్నెస్' అనే సినిమా వచ్చింది. ఒక అమిష్ పిల్లవాడు నగరంలో హత్య చూస్తాడు. ఆ కేసు పట్టుకున్న పోలీసు అధికారి వాళ్ల ఊళ్లో తలదాచుకుంటాడు. అక్కడ ఒక వితంతువు అతనికి ఆకర్షితురాలవుతుంది. ఆమె స్నానం చేస్తుండగా అతను చూసే దృశ్యం ఒకటి ఆ సినిమాలో ప్రసిద్ధం. ఆ సినిమాకు రెండు ఆస్కార్లు వచ్చాయి. ఫోటోకే నిలబడని ఆడవాళ్ల సముదాయం గురించి తీసిన కథలో ఆడదాని నగ్న దేహం తెరకెక్కింది. ఆయుధం ముట్టని వాళ్ల ఊరు తుపాకుల కాల్పులకు వేదికైంది. అమిష్ కుటుంబంలోనే పుట్టి, ఆ సమాజాన్ని దశాబ్దాలపాటు చదివిన సమాజశాస్త్రవేత్త జాన్ హోస్టెట్లర్ అప్పుడే దీన్ని బహిరంగంగా వ్యతిరేకించాడు. వాళ్లు సినిమాలు చూడరు, కోర్టుకెక్కరు. జవాబు చెప్పని వాళ్ల గురించి ఏమైనా తీయవచ్చు.

శాంతికాముకుల మీద తుపాకుల కథ, కరువు మీద కత్తుల కథ. వేషాలు వేరు, పద్ధతి ఒకటే. బయటి మగవాడు వస్తాడు, లోపలి ఆడది కరుగుతుంది, ఊరు చూస్తూ నిలబడుతుంది.

కాని ఆ ఉదాహరణ నాకు ఇంకో పాఠం కూడా చెప్పింది, అది మింగడానికి కొంచెం చేదు. 2006 అక్టోబరులో పెన్సిల్వేనియాలోని నికెల్ మైన్స్ అనే ఊళ్లో ఒక బయటి మనిషి అమిష్ బడిలో చొరబడి ఆడపిల్లల మీద కాల్పులు జరిపాడు. ఐదుగురు పిల్లలు చనిపోయారు. అతనూ తనను తాను కాల్చుకున్నాడు. పిల్లల్ని పోగొట్టుకున్న సముదాయం అతని భార్యను ఓదార్చడానికి వెళ్లింది, అతని అంత్యక్రియలకూ హాజరైంది. ప్రపంచం ఆశ్చర్యపోయింది. 2010లో 'అమిష్ గ్రేస్' అని టెలివిజన్ సినిమా తీశారు. చంపిన మరుసటి దినాన్ని చూపించిన సినిమా అని నేనూ మొదట సంతోషించాను. తర్వాత అనుమానం వచ్చింది. ఆ క్షమను మెచ్చుకునేవాళ్లలో ఎంతమంది తల్లులను అడిగారు? క్షమించడం మతధర్మమైన చోట, ఇంట్లో కొట్టినవాడినీ, ఆడపిల్లలపై అత్యాచారం చేసినవాడినీ కూడా క్షమించి నోరు మూసుకోమన్న ఉదంతాలు అమిష్ స్త్రీలే చెప్పగా ఆ తర్వాతి ఏళ్లలో బయటికొచ్చాయి. అంతకుముందు 1972లోనే, ఎనిమిదో తరగతి తర్వాత పిల్లల్ని బడికి పంపనక్కర్లేదన్న అమిష్ తల్లిదండ్రుల వాదనను అమెరికా సుప్రీంకోర్టు మతస్వేచ్ఛ పేరుతో ఒప్పుకుంది. పిల్లల్ని అడిగారా అని పాక్షికంగా విభేదించిన న్యాయమూర్తి ఒక్కడు, విలియం డగ్లస్.

కాబట్టి "మా సంస్కృతిని వక్రీకరించారు" అనే వాక్యం దగ్గర మనం ఆగిపోకూడదు. ఎవరి సంస్కృతి? అందులో ఆడవాళ్ల మాట ఎంత? సినిమా సముదాయాన్ని అవమానిస్తుంది, సముదాయం పరువు పేరుతో తన ఆడవాళ్ల నోరు నొక్కుతుంది. ఈ రెంటి మధ్యా నిలబడి మాట్లాడాల్సినవాళ్లం మనం.

ఫ్యాక్షన్ లేదని నేననడం లేదు

సీమ పేరు చెడగొట్టారని మీటింగులు పెట్టే పెద్దమనుషుల్లో కొందరు, అసలు ఫ్యాక్షనే లేదన్నట్టు మాట్లాడతారు. వేపచెట్టు కింద కూర్చున్న అక్క ముందు నిలబడి ఆ మాట అనగలరా? హత్యలు జరిగాయి. ఊళ్లు ఖాళీ అయ్యాయి. సినిమా చేసిన తప్పు హింసను చూపించడం కాదు, దాన్ని నెత్తుటి గుణంగా చూపించడం.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారపోశాడు. దత్తమండలాలన్నారు. థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ కలెక్టరుగా ఉండి పాలెగాళ్లను అణిచి, కొందరికి భరణాలిచ్చి, రైతువారీ పద్ధతి తెచ్చాడు. పాలెగాళ్ల వారసత్వమే ఫ్యాక్షన్ అని సినిమా ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. ఆ వాక్యం చాలామందికి అనుకూలం. ఎందుకంటే అప్పుడు ఇప్పటి రాజకీయాలను అడగనక్కర్లేదు. నిజానికి స్వాతంత్ర్యం తర్వాత కక్షలకు ఊపిరి పోసినవి పంచాయతీ, సమితి ఎన్నికలు, సారా వేలంపాటలు, రోడ్లు కాలువల కాంట్రాక్టులు, గనులు. ఊళ్లో వర్గాన్ని నిలబెట్టుకున్నవాడికి ఓట్లు, ఓట్లున్నవాడికి కాంట్రాక్టు, కాంట్రాక్టున్నవాడికి ఇంకో పాతికమంది అనుచరులు. నీళ్లు, పరిశ్రమలు లేని నేలలో పెత్తనమే ఒక పెట్టుబడి. కె.బాలగోపాల్ సీమ ముఠాల గురించి రాసినప్పుడు ఈ రాజకీయ పునాదినే పట్టి చూపించారు. హక్కుల ఉద్యమంలో ఉన్నవాళ్లకు అది కొత్త కాదు. సినిమావాళ్లకే ఇంకా అందలేదు.

చచ్చినవాళ్లెవరు? తెరమీద నాయకుడి తమ్ముడు చస్తాడు, కొడుకు చస్తాడు. ఊళ్లో ఎక్కువగా చచ్చింది వెనక నడిచినవాళ్లు. కూలికి పోయే దళితుడు, గొర్రెలు కాచుకునే వెనకబడిన కులంవాడు, రెండెకరాల మెట్ట ఉన్న చిన్నరైతు. నాయకులు తర్వాత రాజీ అవుతారు, వియ్యమందుతారు, ఒకే పార్టీలో చేరతారు. రాజీ కుదిరిన రోజు ఆ వితంతువును ఎవరూ పిలవరు.

మరుసటి దినం అంటే ఏమిటో ఆ అక్క చెప్పింది, నేను రాసుకున్నాను. శవం పోస్టుమార్టం నుంచి రావడానికి ఎదురుచూడడం. ఎవరి పేర్లు రాయించాలో వర్గంవాళ్లే చెప్పడం. "సాక్ష్యం చెప్పు" అని ఒకరు, "చెప్తే పిల్లోళ్లు ఉండరు" అని ఒకరు. వాయిదాల కోసం కోర్టుకు తిరగడం, తిరిగిన రోజు కూలి పోవడం. భర్త చేసిన అప్పు ఎవరిదగ్గర ఎంతో తెలియకపోవడం. పట్టా పాసుపుస్తకం మామ పేరు మీద ఉండడం. కొడుకు పదో తరగతికి వచ్చేసరికి ఊరి మగవాళ్లు "మీ నాయన్ని సంపినోడు బజార్లో తిరుగుతాండాడు రా" అని చెవిలో వేయడం. ఆ కొడుకును రాత్రికి రాత్రి బస్సెక్కించి దూరపు బంధువుల ఊరికి పంపడం. సినిమాలో తల్లి కొడుక్కి కత్తి అందిస్తుంది. మా ఊళ్లలో తల్లులు కొడుకులకు బస్సు టిక్కెట్టు అందించారు. కడప జిల్లా నుంచి వేలమంది ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్ పోయారే, వాళ్లలో పిల్లల్ని ఇలాంటి ఊళ్లకు దూరంగా చదివించుకోవడానికి పోయినవాళ్లూ నాకు తెలుసు. ఫ్యాక్షన్‌ను తగ్గించిన చరిత్ర రాయాలంటే పోలీసు రికార్డులతో పాటు ఈ తల్లుల మాటా వినాలి.

ఇంకో సంగతి మరిచిపోవద్దు. 1992లో మా పక్క జిల్లా నెల్లూరులో, దూబగుంట నుంచి ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించారు, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ఆ ఉద్యమాన్ని మనం కుటుంబం, కూలి, తాగుడు అన్న కోణంలోనే ఎక్కువ చదివాం. సీమ వైపు నుంచి చూస్తే అందులో ఇంకో అర్థం ఉంది. సారా పాట ముఠా నాయకుడి ఖజానా. అనుచరుల్ని పోషించిన డబ్బు చాలాచోట్ల అక్కడిదే. వేలం ఆపిన ఆడవాళ్లు ఆ ఖజానా మీదే చేయి వేశారు. కత్తి పట్టకుండా ముఠా వేరును తాకినవాళ్లు వాళ్లు. ఏ సినిమా తీశారు వాళ్ల మీద, అన్ని సుమోల ఖర్చుతో?

బద్వేలులో ఏముంది

బద్వేలు చుట్టుపక్కల ఏముందని ఎవరైనా కెమెరా పట్టుకుని వస్తే నేను రెండు చోట్లకు తీసుకుపోతాను. మొదటిది పోరుమామిళ్ల చెరువు. 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించిన ఈ చెరువు దగ్గర శాసనం ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలేమిటో, ఆరు దోషాలేమిటో అందులో చెక్కారు. వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క చెప్పారు. ఆ వెయ్యిమందిలో మట్టితట్టలు మోసిన ఆడవాళ్లెందరో శాసనం చెప్పదు. సీమ అసలు కథ నీళ్ల కథ అని చెప్పడానికి ఇంతకన్నా పాత సాక్ష్యం కావాలా?

రెండోది గోపవరం. కుమ్మరి కేసనసెట్టి కూతురు మొల్లది ఈ ఊరేనని సాహిత్య చరిత్రకారులు ఎక్కువమంది చెప్తారు. బ్రాహ్మణేతర కులంలో, ఆడదై పుట్టి, చదువు తనకెవరూ నేర్పలేదంటూనే రామాయణం రాసింది. ఈ నేల ఆడదాని గొంతు తెలుగులో అయిదు వందల ఏళ్లుగా వినిపిస్తోంది.

ఆమె మీద సినిమా వచ్చింది కూడా. 1970లో 'కథానాయిక మొల్ల'. వాణిశ్రీ మొల్లగా నటించింది, నంది బహుమతి వచ్చింది. తీసింది ఎవరు? కడప జిల్లా సింహాద్రిపురంలో పుట్టిన హాస్యనటుడు పద్మనాభం. టైటిల్లోనే ఆమెను కథానాయిక అన్నాడు. అసలు తెలుగు సినిమా పునాదుల్లోనే సీమవాళ్లున్నారు. బి.ఎన్.రెడ్డి, ఆయన తమ్ముడు నాగిరెడ్డి కడప జిల్లావాళ్లు, కె.వి.రెడ్డి తాడిపత్రివాడు. బి.ఎన్.రెడ్డి 1940లో 'సుమంగళి'లో వితంతు వివాహాన్ని చర్చకు పెట్టాడు, 1951లో 'మల్లీశ్వరి' తీశాడు. నాగిరెడ్డి, చక్రపాణి 1955లో తీసిన 'మిస్సమ్మ'లో చదువుకున్న ఆడపిల్ల ఉద్యోగం వెతుక్కుంటూ పోయి తన షరతుల మీద నిలబడుతుంది. వాటిలో పితృస్వామ్యం లేదని కాదు, మిస్సమ్మ కూడా చివరికి ఇంటికే చేరుతుంది. కాని ఆ ఆడవాళ్లకు మాట ఉంది, పంతం ఉంది, పని ఉంది. సీమవాళ్లు సినిమా తీసినప్పుడు సీమ నెత్తురు అమ్ముకోలేదు. సీమను సినిమా తీయడం మొదలుపెట్టాకే వితంతువు నోరులేనిదైంది.

పరువు ఎవరిది

ఇంతవరకూ సినిమా మీద నా కోపం. ఇక మనవాళ్ల మీద.

ఈ సినిమాలు సీమలో ఆడలేదా? మొదటి రోజు ఆటకు పోటీలు పడి బ్యానర్లు కట్టింది మన అన్నదమ్ములే. "సీమోని దెబ్బ" అనే మాట తెరమీద విని ఈల వేసిన కుర్రాడు ఇంటికొచ్చి చెల్లెలి ఫోన్ లాక్కుంటాడు. కులం బయట ప్రేమించిన కూతుర్ని ఇంట్లో బంధించిన తండ్రి, "మాది సీమ, మాకు మానం ముఖ్యం" అంటాడు. ఆ మానం అనే మాట సినిమా నుంచి వచ్చిందా, ఊరి నుంచి సినిమాకు పోయిందా? రెండు వైపులా పోయి వచ్చింది, ప్రతిసారీ ఇంకొంచెం బరువెక్కి వచ్చింది. నా క్షేత్రపరిశోధనలో ఇంటి హింస గురించి అడిగినప్పుడు ఒకటి కంటే ఎక్కువమంది మగవాళ్లు ఇదే నవ్వుతో చెప్పారు: "సీమలో పుట్టినాం, కొంచెం కోపమెక్కువ." మూస వాళ్లకు అవమానంగా లేదు, సాకుగా పనికొస్తోంది.

అందుకే 2018లో 'అరవింద సమేత' వచ్చినప్పుడు నాకు పూర్తిగా సంతోషం కలగలేదు. యాస కొంచెం మెరుగు. నరికిన తర్వాత ఏమిటనే ప్రశ్న వేసింది. కక్షల్లో నష్టపోయేది ఆడవాళ్లనీ, వాళ్ల మాట వినాలనీ చెప్పింది. ముందడుగే, ఒప్పుకుంటాను. కాని ఆ జ్ఞానం కూడా హీరో నోట పలికితేనే జ్ఞానం. దానికి ముందు జరిగిన నరుకుడు మాత్రం ఎప్పటిలాగే కన్నుల పండుగ. వితంతువు తానుగా నోరు తెరిచే సినిమా కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాం. 2021లో వచ్చిన 'సినిమా బండి' లాంటి చిన్న సినిమా, ఆంధ్ర కర్ణాటక సరిహద్దు పల్లెలో ఒక ఆటో డ్రైవరూ, ఊరిజనమూ కెమెరా దొరికితే ఏం చేస్తారో నవ్వుతూ చూపించింది. ఒక్క కొడవలీ లేకుండా ఈ వైపు పల్లె కథ చెప్పవచ్చని రుజువైంది. సాధ్యం కాదనే సాకు ఇక చెల్లదు.

మనం ఏం అడగాలి

నిషేధం అడగవద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మన సమావేశాల్లో మొదట వచ్చే సూచన అదే. సెన్సారుకు 1991 నాటి మార్గదర్శకాలు ఉన్నాయి, స్త్రీలను కించపరిచే దృశ్యాలు ఉండకూడదని వాటిలో ఉంది. 1986 నుంచి స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం ఉంది. వాటి కింద ఈ సినిమాలు హాయిగా బయటపడతాయి. ఒక్కో దృశ్యంగా చూస్తే ఇక్కడ ఏ తల్లినీ కించపరచలేదు, అందరూ ఆమె కాళ్లకు మొక్కారు. నోరు లేకుండా చేయడం ఏ సెక్షన్ కిందికీ రాదు. పైగా నిషేధం డిమాండ్‌ను ముందుగా ఎత్తుకుపోయేది పరువు పెద్దలే. రేపు ఒక సీమ అమ్మాయి తన ఇంటి హింస మీద సినిమా తీస్తే, "సీమ పరువు తీసింది" అని అదే కత్తెరను ఆమె మీద వాడతారు.

మనం చేయగలిగిన పని వేరే ఉంది. ఒకటి, ఫ్యాక్షన్‌లో భర్తల్ని, కొడుకుల్ని పోగొట్టుకున్న స్త్రీల కథనాలు వాళ్ల మాటల్లో, వాళ్ల అనుమతితో, ప్రమాదమున్న చోట పేర్లు లేకుండా సేకరించడం. కడప, కర్నూలు, అనంతపురంలో పనిచేసే సంఘాలు కలిస్తే ఇది కష్టం కాదు. ఆ స్త్రీలు పెద్దవాళ్లవుతున్నారు, ఆలస్యం చేస్తే మాట దొరకదు. రెండు, ఆ పనితోపాటే వాళ్ల పాసుపుస్తకాలు, పింఛన్లు, పిల్లల చదువుల లెక్కలు తీయడం. కథ తీసుకుని వెళ్లిపోతే మనకూ సినిమావాళ్లకూ తేడా ఉండదు. మూడు, కెమెరా వాళ్ల చేతికే ఇవ్వడం. అప్పటి మెదక్ జిల్లా పస్తాపూర్‌లో బడికి పోని దళిత స్త్రీలు 1990లలోనే వీడియో కెమెరా నేర్చుకుని తమ విత్తనాల గురించి, పంటల గురించి తామే తీశారు. ఇప్పుడు ప్రతి సంఘంలో నాలుగు ఫోన్లున్నాయి. నాలుగు, కాలేజీల్లో మన అమ్మాయిలతో ఈ సినిమాలు కలిసి చూసి మాట్లాడుకోవడం. ఈల వేసే అన్నల్నీ పిలుద్దాం.

సమావేశం అయ్యాక బస్టాండుకు నడుస్తూ ఆ అక్కను అడిగాను, నీ కథ ఎవరన్నా సినిమా తీస్తానంటే ఒప్పుకుంటావా అని. కాసేపు ఆలోచించింది.

"తియ్యనీ. కాని మా ఆయన్ని చంపేది వద్దు. అది అందరికీ తెలుసు. మరుసటి దినం పొద్దన లేసి బర్రెకు నీళ్లు పెట్టినా చూడు, ఆడ మొదలు పెట్టమను" అంది.

మన పని కూడా అక్కడే మొదలవుతుంది.